అలాస్కా క్రూజ్: గదులకు ఏడు వేల డాలర్లు, మరి మొత్తం ఖర్చు?

ప్రశ్న: ప్లానో నివాసి

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో అమ్మా నాన్నా గుంటూరు నుంచి మా దగ్గరకు వస్తున్నారు. కిందటిసారి వచ్చినప్పుడు వాళ్లు చూసిన అమెరికా అంతా మా ఇల్లు, గుడి, కాస్ట్‌కో. ఈసారి అలాస్కా క్రూజ్‌కు తీసుకెళ్దామని అనుకుంటున్నాం. సియాటిల్‌లో ఓడ ఎక్కి, జూనో, స్కాగ్వే, కెచికాన్ చూసుకుని, చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగి, మర్నాడు పొద్దున మళ్లీ సియాటిల్‌లో దిగుతాం. ఏడు రాత్రులు.

మొత్తం ఆరుగురం. నాన్నకు 68, అమ్మకు 63. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. జూలై రెండో వారానికి ధర చూశాను. అమ్మానాన్నలకు బాల్కనీ ఉన్న గది 3,340 డాలర్లు, మా నలుగురికీ కిటికీ ఉన్న గది 3,680. పన్నులు, రేవు రుసుములు కలిపి 7,020 అని చూపిస్తోంది. భోజనం అందులోనే. ఇక్కడ టెక్సాస్‌లో డాలస్ నుంచి విమానాలకు రెండు వేలు వేసుకున్నా తొమ్మిది వేలు దాటదు. నేను పది వేలు పక్కన పెట్టాను. ఇంకో వెయ్యి మిగులుతుందని నా లెక్క.

ఈ లెక్క విని మా ఆవిడ నవ్వింది. ఆఫీసులో కిందటేడు వెళ్లొచ్చిన ఒకాయనను అడిగితే "పద్నాలుగు అనుకో" అని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఆ నాలుగు వేలు ఎక్కడ పుడతాయో ఎవరైనా వివరంగా చెప్తారా?

ఇంకొన్ని సంగతులు. నాకూ మా ఆవిడకూ గ్రీన్ కార్డు ఉంది, పిల్లలు ఇక్కడి పౌరులు, అమ్మానాన్నలకు పదేళ్ల బి-2 (అమెరికా సందర్శకుల) వీసా ఉంది కాబట్టి వీసాల ఖర్చు ఉండదనే అనుకుంటున్నాను. మద్యం ప్యాకేజీ (తాగేవాటికి రోజుకు ఇంత అని ముందే కట్టేది) తీసుకోవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అమ్మ పూర్తి శాకాహారి. ఓడలోకి చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లవచ్చా అని ఫోను చేసినప్పుడల్లా అడుగుతోంది.

జవాబు: ఆస్టిన్ అబ్బాయి

మీ ఆవిడ నవ్వు సరైనదే. మేము నలుగురం వెళ్లాం, గది ధర మీద ఇంచుమించు అంతే మళ్లీ అయింది. లెక్కలు రాసే ఓపిక నాకు లేదు, బాతెల్ కోడలు గారు వస్తారు, ఆగండి. రైస్ కుక్కర్ మాత్రం వద్దు. వేడి పుట్టించే సామాను ఏదైనా సరే, కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. దిగేటప్పుడు తిరిగి ఇస్తారనుకోండి. మా ముందు వరసలో ఒక కుటుంబం ఆ తనిఖీ బల్ల దగ్గర పెద్ద గొడవే పెట్టుకుంది. వాళ్లు మాట్లాడింది తెలుగు అని వేరే చెప్పాలా?

జవాబు: బాతెల్ కోడలు

పిలిచారు కాబట్టి వచ్చాను.

మాది సియాటిల్ పక్కనే. మే నెల వస్తే మా ఇల్లు సత్రం. డాలస్, అట్లాంటా, ఎడిసన్‌ల నుంచి క్రూజ్‌కు వచ్చే చుట్టాలు, చుట్టాల చుట్టాలు ముందు రాత్రి మా ఇంట్లోనే పడుకుంటారు. వారం తర్వాత తిరిగి వచ్చి, విమానం వేళ అయ్యే దాకా మా వంటగదిలో కూర్చుని ఉప్మా తింటూ ఓడ వాళ్లు ఇచ్చిన బిల్లు చదువుతారు. అలా ఎన్నో బిల్లులు విన్నాను. అందరూ ఒకే చోట ఆశ్చర్యపోతారు. పైగా నేను చేసేది అకౌంట్స్ పని, వినకుండా ఉండలేను.

మీ ఖర్చును రెండు కుప్పలుగా విడదీయండి. మీరు గదిలోంచి కదలకపోయినా పోయే డబ్బు ఒకటి. మీరు సరేనంటేనే పోయే డబ్బు ఇంకొకటి. అందరూ రెండో కుప్ప గురించే మాట్లాడుకుంటారు, ప్యాకేజీలు, తిమింగలాలు, హెలికాప్టర్లు. మీ పది వేలు కరిగిపోయేది మాత్రం మొదటి కుప్పలోనే.

ముందు 7,020 సంగతి. ఆ అంకెను నమ్మవచ్చు. 2024 జూలైలో కాలిఫోర్నియా చట్టం అమల్లోకి వచ్చాక పెద్ద కంపెనీలు అమెరికా అంతటా పన్నులూ రేవు రుసుములూ కలిపిన ధరనే చూపిస్తున్నాయి. అంతకు ముందు చివరి పేజీలో కలిపేవాళ్లు. అందులో ఇప్పటికీ కలవనిది టిప్పు. మనిషికి రోజుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా, కంపెనీని బట్టి, గదిని బట్టి. మీకు 18 అనుకుందాం. ఆరుగురు, ఏడు రోజులు, 756 డాలర్లు. "పాపకు ఐదేళ్లే కదా" అనకండి, గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి ఛార్జీ తగ్గుతుంది కానీ టిప్పు తగ్గదు. ముందే కట్టేయండి. కంపెనీలు ఈ రేటు ఏటా పెంచుతూనే ఉన్నాయి, ముందే కట్టిన వాళ్లకు సాధారణంగా పాత రేటే ఉంటుంది.

విమానాలకు మీరు రెండు వేలు రాశారు. పెట్టెలు రాయలేదు. చలి బట్టలతో ఆరుగురికి నాలుగు పెట్టెలన్నా అవుతాయి, రానూ పోనూ మూడు వందలు. ప్రయాణం రోజే సియాటిల్‌లో దిగే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఓడ సాయంత్రం నాలుగు ప్రాంతంలో బయలుదేరుతుంది, ఎక్కే తలుపు దానికి ముందే మూసేస్తారు. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, డబ్బు తిరిగి రాదు. కాబట్టి ముందు రాత్రి హోటల్, రెండు గదులు. వేసవిలో ఊరి మధ్యలో అయితే చుక్కలు కనిపిస్తాయి, విమానాశ్రయం పక్కన చూసుకుంటే రెండింటికీ కలిపి 420లో సర్దుకోవచ్చు.

తర్వాత మీ ఓడ ఏ రేవు నుంచి వెళ్తుందో చూడండి. సియాటిల్‌లో క్రూజ్ రేవులు రెండు. పియర్ 66 ఊరి మధ్యలోనే ఉంటుంది. విమానాశ్రయం నుంచి లైట్ రైలు పెద్దవాళ్లకు మూడు డాలర్లు, పిల్లలకు ఉచితం, వెస్ట్‌లేక్‌లో దిగితే ఆపైన కొద్ది దూరమే. పియర్ 91 అలా కాదు, అక్కడికి రైలు లేదు. ఆరుగురు మనుషులు, నాలుగు పెట్టెలు మామూలు కారులో పట్టరు, పెద్ద బండి పిలవాలి. రానూ పోనూ రెండు వందలు రాసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. వీసా ఖర్చు ఉండదన్నారు. ఉంటుంది. ఆ విక్టోరియా మజిలీ కెనడా. మీకూ మీ ఆవిడకూ గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు ఉంటే చాలు. పిల్లలు పౌరులు కాబట్టి వాళ్లకూ బెంగ లేదు. కానీ మీ అమ్మానాన్నలది భారత పాస్‌పోర్టు, అమెరికా వీసా వాళ్లను కెనడాలోకి రానివ్వదు. "వాళ్లు అక్కడ దిగరు, ఓడలోనే కూర్చుంటారు" అన్నా కుదరదు. కెనడా వీసా లేదని రేవులోనే ఆపేస్తారు, సియాటిల్‌లో ఓడ ఎక్కనివ్వరు, డబ్బు తిరిగి ఇవ్వరు. ఆరుగురిలో నలుగురు ఎక్కి, ఇద్దరు పెద్దవాళ్లు పెట్టెలతో ఒడ్డున ఉండిపోతే ఏం చేస్తారు?

అలాస్కాకు పోయే ఓడ కెనడాలో ఎందుకు ఆగాలి అంటే, 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, వేరే దేశం తాకకుండా అమెరికా రేవులో దింపకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ బహామాస్‌లోనో పనామాలోనో బెర్ముడాలోనో నమోదైనవే. అందుకే విక్టోరియా. 2021లో కెనడా రేవులు మూసి ఉన్నప్పుడు ప్రత్యేక చట్టం చేసి ఆ ఒక్క కాలానికి మినహాయించారు, మళ్లీ మొదటికే వచ్చింది.

ఖర్చు పెద్దది కాదు. మనిషికి వంద కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. ఇద్దరికీ కలిపి 370 కెనడా డాలర్లు. ఇక్కడి డబ్బులో 270 చిల్లర, కొరియరూ అదీ కలిపి మూడు వందల యాభై రాసుకోండి. పెద్దది సమయం. దరఖాస్తు, వేలిముద్రలు, ఆ తర్వాత స్టాంపు కోసం పాస్‌పోర్టు పంపడం, అన్నీ కలిసి ఎన్ని వారాలైనా పట్టవచ్చు. ఓడకు పూర్తి డబ్బు కట్టే గడువు సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందు ఉంటుంది. వీసా చేతికి రావలసింది ఆ గడువుకు ముందు. అంటే వాళ్లు గుంటూరులో ఉండగానే హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చేయాలి. ఇక్కడికి వచ్చాక చూద్దాంలే అంటే నెలల లెక్క కుదరదు. అడ్వాన్సు కూడా తిరిగి ఇచ్చే రకమే కట్టండి, యాభయ్యో వందో ఎక్కువైనా సరే.

బీమా ఇంకొకటి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ బీమా ఓడ మీద పనిచేస్తుందా, కెనడా నీళ్లలో పనిచేస్తుందా అని పాలసీ తీసి చదవండి. ఓడలో డాక్టరు ఉంటాడు, ఆయన ఫీజు గది ఖాతాలో పడుతుంది. ఏదైనా పెద్ద జబ్బు చేసి హెలికాప్టర్‌లో ఒడ్డుకు తీసుకురావలసి వస్తే ఆ బిల్లు ముందు మీ 7,020 ఏ మూలకూ చాలదు. ప్రయాణం రద్దయితే డబ్బు వచ్చేది, అత్యవసర తరలింపు ఉన్నది, రెండూ చూసుకుని తీసుకోండి. పెద్దవాళ్ల వయసుకు రేటు పెరుగుతుంది. ఆరుగురికీ కలిపి ఐదు వందల యాభై అనుకుందాం.

ఇప్పుడు కూడండి. 756 టిప్పు, విమానాలు 2,040, పెట్టెలు 300, హోటల్ 420, బండ్లు 200, వీసాలు 350, బీమా 550. మొత్తం 4,616. గదులతో కలిపితే 11,636. ఇంకా ఒక్క మంచుకొండ చూడలేదు, ఒక్క కాఫీ కొనలేదు.

రెండో కుప్ప. ఇది మీ చేతిలో ఉన్నదే. జూనోలో తిమింగలాల పడవకు మనిషికి నూట డెబ్బై ప్రాంతం, మీ అందరికీ వెయ్యి. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు పెద్దవాళ్లకు నూట యాభై దాకా, పిల్లలకు సగం, ఏడు వందల యాభై. రైలు టికెట్ తీసుకునేటప్పుడు జాగ్రత్త. కనుమ పైదాకా వెళ్లి దిగకుండా తిరిగి వచ్చే బండికి కాగితాలు అక్కర్లేదు. సరిహద్దు దాటి ఫ్రేజర్‌కో కార్క్రాస్‌కో పోయే ప్రయాణాలు కెనడాలో దింపుతాయి, వాటికి కెనడా కాగితాలు కావాలి.

జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం చూడటానికి ఓడ వాళ్ల టూరు అక్కర్లేదు. రేవు దగ్గరే షటిల్ బస్సులు ఉంటాయి, రానూ పోనూ మనిషికి యాభై లోపు. ఇంకా చవక కావాలంటే ఊరి బస్సు రెండు డాలర్లే, కానీ అది మైలున్నర ఇవతలే దింపేస్తుంది, మిగతాది నడక. మోకాళ్ల నొప్పులున్న వాళ్లతో, ఐదేళ్ల పాపతో ఆ రెండు డాలర్ల జోలికి పోకండి. కెచికాన్‌లో పైసా ఖర్చు లేకుండా క్రీక్ స్ట్రీట్‌లో తిరగవచ్చు, వేసవిలో ఊళ్లో ఉచిత బస్సు ఉంటుంది. వాన మాత్రం తప్పదు, ఏడాదికి నూట యాభై అంగుళాల దాకా కురిసే ఊరది. రెయిన్ జాకెట్లు లేకపోతే ఆరుగురికీ కొనాలి, మూడు వందలు.

మద్యం ప్యాకేజీ. ఒకే గదిలో ఒకరు తీసుకుంటే ఆ గదిలోని పెద్దవాళ్లందరూ తీసుకోవాలన్నది చాలా కంపెనీల నియమం. రోజుకు మనిషికి తొంభై వేసుకున్నా, మీ ఇద్దరికీ వారానికి 1,260. మీ నాన్నగారి ఎదురుగా మీరు రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతారో నాకు తెలియదు. ఆయన నిద్రపోయాక తాగే రెండింటి కోసం, మీ ఆవిడ తాగని పధ్నాలుగింటి కోసం పన్నెండు వందలు కట్టడం ఏం లెక్క? విడిగా కొనుక్కోండి, దాని మీద కూడా పద్దెనిమిదో ఇరవయ్యో శాతం టిప్పు తానే కలుస్తుందని గుర్తుంచుకుని. మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, పాలు బఫేలో ఉచితం.

ఇంటర్నెట్ ఒక ఫోనుకు రోజుకు పాతిక వేసుకోండి. జూనో, స్కాగ్వే, కెచికాన్ అన్నీ అమెరికాయే కాబట్టి రేవుల్లో మీ ఫోను మామూలుగానే పలుకుతుంది. నడిసముద్రంలో మాత్రం అందరి ఫోన్లూ విమానం మోడ్‌లో పెట్టించండి, మీ నాన్నగారిది మీరే పెట్టండి. ఓడ టవర్‌కు తగులుకుంటే వచ్చే బిల్లు వేరే కథ.

పిల్లల కార్డులు. ఇది ఎవరూ చెప్పరు. ఎక్కిన రోజే కౌంటర్‌కు వెళ్లి పిల్లల గది కార్డుల మీద ఖర్చు జరగకుండా ఆపించండి. మా బావగారి అబ్బాయికి తొమ్మిదేళ్లే. వీడియో గేముల గదిలో కార్డు గీకితే ఆట మొదలవుతుంది, వాడికి అది డబ్బని ఎలా తెలుస్తుంది? చివరి రాత్రి తలుపు సందులోంచి బిల్లు వచ్చింది. నాలుగు డాలర్లు, నాలుగు డాలర్లు, మూడు డాలర్లు, అలా రెండు పేజీలు. ఆ కాగితాలు మా వంటగదిలోనే చదివారు.

ఇవన్నీ మితంగా వేసుకున్నా రెండున్నర వేలు. మీ ఆఫీసాయన చెప్పిన పద్నాలుగు అదే.

తగ్గించుకోవాలంటే తేదీ మార్చండి. టెక్సాస్ బడులు మే చివరికే మూసేస్తారు, మా వైపు బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. జూన్ మొదటి వారంలో ఇక్కడి జనం ఎక్కరు, జూలై కన్నా ధర తక్కువ. వాన కూడా మే, జూన్‌లలోనే కాస్త తక్కువ. మీకున్న ఆ మూడు వారాల వెసులుబాటును జూలైలో ఎందుకు పోగొట్టుకుంటారు?

జవాబు: ఎడిసన్ మిత్రుడు

కోడలు గారు అన్నీ చెప్పారు. గ్రీన్ కార్డు లేని మాలాంటి వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక ముక్క కలుపుతున్నాను. హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకూ కెనడా వీసా కావాలి. నాకు, మా ఆవిడకు తీసుకున్నాం. మాకు అప్పట్లో పాస్‌పోర్టు చెల్లినంత కాలానికి ఇచ్చారు (2024 నవంబరు నుంచి ఎంత కాలానికి ఇవ్వాలన్నది అధికారి ఇష్టం), కాబట్టి ఆ డబ్బు ఒక్క క్రూజ్ ఖాతాలోనే రాసుకోనక్కర్లేదు. తర్వాత నయాగరా అవతలి ఒడ్డుకూ అదే పనికొస్తుంది.

పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఏ తేదీ దాకా ఉండవచ్చో చూపే రికార్డు) చెల్లుబాటులో ఉంటే, ముప్పై రోజుల లోపు కెనడాకు వెళ్లి అదే స్థితిలో తిరిగి రావడానికి నియమాలు ఒప్పుకుంటాయి. మధ్యలో కొత్త వీసాకు దరఖాస్తు చేయకూడదు. రేవులో కాగితాలు చూసే కుర్రవాడికి ఈ నియమం తెలియకపోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులోని ఆ పేజీని అచ్చు తీసి చేతిలో పెట్టుకోండి. మమ్మల్ని పై అధికారి వచ్చే దాకా బల్ల దగ్గర పావుగంట నిలబెట్టారు, ఆ కాగితమే పనిచేసింది.

మీ అమ్మానాన్నల విషయంలో, సియాటిల్‌లో దిగాక వాళ్ల ఐ-94 వెబ్‌సైటులో ఒకసారి తీసి, ఉండవలసిన తేదీ ఏమిటో సరిచూసుకోండి. ఖర్చు లేని పని.

జవాబు: బ్రాడీపేట మాస్టారు

బాబూ, నేను గుంటూరువాణ్నే. లెక్కల మాస్టారుగా చేసి విరమించాను. మా అబ్బాయి శాన్ హోసేలో ఉంటాడు, నన్నూ మా ఇంటావిడనూ ఇదే అలాస్కా ఓడ ఎక్కించాడు. కొడుకుల వైపు లెక్క అంతా పైన రాశారు. తండ్రి వైపు లెక్క నేను చెప్తాను.

ఓడ ఎక్కగానే గదిలో బల్ల మీద రెండు నీళ్ల సీసాలు కనిపించాయి. మెడకు చిన్న అట్ట తగిలించి ఉంది, దాని మీద ధర. నేను ఆ ధరను రూపాయల్లోకి మార్చుకున్నాను. మార్చుకోకుండా ఉండటం మా తరానికి చేతకాదు. ఇక ఆ గదిలో ఏది ముట్టుకోవాలన్నా భయమే. సబ్బుకు డబ్బు తీసుకుంటారేమో అని మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన సబ్బే వాడింది. కాఫీ తాగాలని ఉన్నా, ఏ కాఫీ ఉచితమో ఏది కాదో తెలియక, అబ్బాయి నిద్రలేచి వచ్చే దాకా కూర్చునే వాళ్లం. వాడు మా దగ్గర ఖర్చు దాచాడు, మేము బాధపడతామని. దాచడం వల్లనే మేము వారంలో సగం భయపడుతూ గడిపాం.

కాబట్టి మీ నాన్నకు మొత్తం చెప్పు. ఎంత అయిందో చెప్పు, ఒక్కరోజు గొణుగుతాడు, తర్వాత మరిచిపోతాడు. ఏది ఉచితమో, దేనికి డబ్బో ఒక కాగితం మీద తెలుగులో రాసి గదిలో పెట్టు. పై అంతస్తులోని పెద్ద భోజనశాలలో టీ, కాఫీ, పాలు, పండ్లు, పెరుగు ఎన్నిసార్లైనా. గదిలోని సీసాలు వద్దు. అంతే చాలు.

ఏది ఖర్చుకు తగ్గది అంటావా? బాల్కనీ. దాన్ని మాత్రం తగ్గించకు. మోకాళ్ల నొప్పితో పై అంతస్తుకు ఎక్కి జనంలో నిలబడలేం. ఎండికాట్ ఆర్మ్ అనే సన్నటి నీటిదారిలోకి ఓడ వెళ్లినప్పుడు ఇద్దరం దుప్పట్లు కప్పుకుని, గది బయట కుర్చీల్లో కూర్చుని, ఆ నీలి మంచు ముక్కలు పక్కనుంచి తేలిపోతుంటే చూశాం. రైలు కూడా మా వయసుకు తగ్గదే. కూర్చున్న చోటు నుంచి కదలనక్కర్లేదు. బంగారం కోసం జనం పరుగులు తీసిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారట. ఇరవై మైళ్లలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. ఆ వాలు ఎంతో లెక్కగట్టి మనవడికి చెప్పాను, వాడు వినలేదు.

తిమింగలాల పడవ సంగతి. చిన్న పడవ, చలిగాలి. "అదిగో" అని అందరూ అరిచారు, అందరూ ఒకవైపుకే పరిగెత్తారు, నాకు వాళ్ల వీపులు కనిపించాయి. పిల్లవాడికి ఎంత సంబరమో. వాడి కోసమైతే వెళ్లండి, మా కోసం వద్దు.

అమ్మగారి భోజనం గురించి బెంగ పెట్టుకోవద్దు. మొదటి రాత్రే వడ్డించే అతనితో శాకాహారం, గుడ్డు కూడా వద్దు అని చెప్పండి. మర్నాటి నుంచి పప్పు, ఏదో ఒక కూర, అన్నం విడిగా చేయించి పెట్టారు, అదనంగా డబ్బు తీసుకోలేదు. ఉప్పూ కారాలు తగ్గుతాయి. కొన్న కారప్పొడి, మూత తీయని పచ్చడి సీసా ఒకటి పెట్టెలో ఉంటే చాలు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు.

ప్లానో నివాసి

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీ జవాబు నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. "ఆయన చెప్పింది నిజమే, సబ్బు మేమూ తెచ్చుకుంటాం" అన్నారు. ఏ వీధిలో ఉంటారని అడగమన్నారు కూడా.

లెక్క మళ్లీ వేశాను. జూన్ మొదటి వారానికి మార్చితే అవే రెండు గదులు 6,140కి వస్తున్నాయి, 880 తగ్గింది. బాల్కనీ అలాగే ఉంచాను. కోడలు గారి మొదటి కుప్ప 4,616 ఉన్నదున్నట్టు రాశాను, అందులో తగ్గించడానికి నాకు ఏమీ కనిపించలేదు. అక్కడికే 10,756. నా పది వేలు అక్కడే అయిపోయాయి.

పైన రైలు అందరికీ 750, జూనోలో షటిల్ 300. తిమింగలాలు వద్దనుకున్నాం, బాబు అలిగాడు, వాడితో ఇంకా మాట్లాడుతున్నాను. సియాటిల్‌లో భోజనాలకు 200, జాకెట్లకు 100, ఎందుకంటే మాకు నలుగురికీ ఉన్నాయి, అమ్మానాన్నలకే కొనాలి. చిల్లరమల్లరగా ఇంకో వంద. మొత్తం 12,206. ఇంటర్నెట్ లేదు, ప్యాకేజీ లేదు. ప్యాకేజీ వద్దని నేనే అన్నానని మా ఆవిడ రెండోసారి నవ్వింది.

కెనడా వీసా దరఖాస్తు ఈ వారమే నింపుతున్నాం, నాన్న హైదరాబాద్‌కు టికెట్లు కూడా తీశారు. అడ్వాన్సు తిరిగి ఇచ్చే రకమే కట్టాను. ఒక చివరి ప్రశ్న. ఓడలో గది ఖాతాకు ఏ కార్డు ఇవ్వాలి? నాన్న తన బ్యాంకు డెబిట్ కార్డు ఇస్తానని పట్టుబడుతున్నారు, కనీసం వాళ్ల గది వరకైనా.

జవాబు: బాతెల్ కోడలు

డెబిట్ కార్డు వద్దు, ఎవరిదీ వద్దు. ఓడ వాళ్లు ఖర్చు జరిగినా జరగకపోయినా కొంత మొత్తాన్ని ముందే పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డులో అయితే అది పరిమితిలోంచి పోతుంది, డెబిట్‌లో అయితే ఖాతాలో ఉన్న అసలు డబ్బే కదలకుండా ఆగిపోతుంది, దిగిన తర్వాత విడుదల కావడానికి రోజులు పడుతుంది. అక్కడి బ్యాంకు కార్డు అయితే మారకపు రుసుము కూడా. మీ క్రెడిట్ కార్డు ఒక్కటే రెండు గదులకూ తగిలించండి. నాన్నగారు ఇవ్వాలనుకుంటే ఇంటికి వచ్చాక నగదు తీసుకోండి, వద్దనకండి, ఆయనకు తృప్తి.

చివరి రాత్రి దాకా ఆగకుండా రెండు రోజులకోసారి ఫోనులోనో గది టీవీలోనో ఖాతా చూసుకోండి. తప్పుగా పడినవి ఉంటే ఆ రోజే కౌంటర్‌లో చెప్తే తీసేస్తారు. దిగే రోజు పొద్దున ఆ కౌంటర్ ముందు వరస చూస్తే మీరే వదిలేసి వెళ్లిపోతారు. దిగిన రోజు విమానం మధ్యాహ్నం పన్నెండు దాటాకే పెట్టుకోండి.

జాకెట్లకు వంద రాయకండి. చుట్టాలు వదిలేసి వెళ్లినవి మా గరాజ్‌లో ఒక పెట్టె నిండా ఉన్నాయి. పెద్దవాళ్లిద్దరి సైజులు పంపండి.